మీరెలా చెబితే అలాగే, డాక్టరుగారూ!

"మనవాళ్ళకి అవగాహన లేదండీ. క్లినికల్ ట్రయల్ అనగానే తమని ఎలుకల్ని చేస్తారని హడలిపోతారు." ఈ మాట వైద్యమిత్రుల నోట విన్నాను, పెళ్ళి భోజనాల బంతిలో విన్నాను, మందుల షాపు యజమాని నోట కూడా విన్నాను. అన్నవారందరూ సదుద్దేశంతోనే అన్నారు. కొన్నేళ్ళ క్రితం వరకూ నేనూ అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాటతో నాకు పేచీ ఉంది. పేచీ ఎక్కడ మొదలైందో ముందు చెబుతాను.

మా పెదనాన్న తెనాలి దగ్గర రైతు. డెబ్బయ్యేళ్ళు దాటాక గుండె బలహీనపడింది. నగరంలో ఒక ఆసుపత్రిలో (పేరు అనవసరం) చూపించుకుంటుండగా ఒకనాడు ఒక యువవైద్యుడు వచ్చి, కొత్తమందు పరీక్షిస్తున్నాం, చేరతారా అని అడిగాడు. మర్యాదస్తుడే. చేతిలో ఇరవై పుటలు దాటిన తెలుగు సమ్మతి పత్రం. తెలుగని లిపిని బట్టి అంటున్నాను. 'యాదృచ్ఛికీకరణ' అట, 'ద్వంద్వ అంధ పద్ధతి' అట! నిఘంటువులు తిరగేసే అలవాటున్న నాకే మూడో పుటకి ఊపిరాడలేదు. నేనింకా చదువుతుండగానే పెదనాన్న నా జేబులోంచి కలం తీసి, "సంతకం ఎక్కడ పెట్టాలి బాబూ?" అన్నాడు.

డాక్టరు అటు వెళ్ళాక, చదవకుండానే సంతకమేమిటని కోప్పడ్డాను. "ఒరేయ్, రేపు నా ప్రాణం చూడవలసిన మనిషి నోరు తెరిచి అడిగాడు. కాదంటే ఏం బాగుంటుంది?" అన్నాడు.

ఆ సంతకాన్ని ఏమనాలి? విజ్ఞానశాస్త్రం పట్ల విశ్వాసమనా? ఔదార్యమనా? అందులో మొహమాటం ఉంది, మొహమాటం కింద భయం ఉంది. తనకు వైద్యం చేసే మనిషీ, తనని పరిశీలించే మనిషీ ఒకే తెల్లకోటులో ఉన్నారని ఆయనకు తెలియదు. డాక్టరు ఏమిచ్చినా తన మేలుకే ఇస్తాడనుకున్నాడు. ఈ పొరపాటుకు 1982లో అమెరికాలో పాల్ ఆపిల్‌బామ్, ఆయన సహచరులు ఒక పేరు పెట్టారు. 'చికిత్సాభ్రమ' అని తెలుగు చేసుకోవచ్చు. అక్కడి రోగులలోనూ ఉన్నదే కనుక ఇది మన పల్లెటూరి అజ్ఞానం కాదు. అయినా, కాదన్న రోగిని అజ్ఞాని అనే మనం, చదవకుండా అవునన్న రోగిని ఏనాడైనా ఆ మాట అన్నామా?

ఇక భయం సంగతి. భయపడేవారికి కారణాలు లేవా? 2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ, ఐసిఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. 'ప్రదర్శన ప్రాజెక్టు' అని పేరు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు, చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు. కొందరు పిల్లలు మరణించారన్న వార్తల దరిమిలా 2010 ఏప్రిల్‌లో ఆపారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అన్నది. ఆ టీకా లోకమంతటా వాడుకలో ఉన్నది, మంచిదే. కాబట్టి నా ఫిర్యాదు టీకా మీద కాదు, కాగితాల మీద. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం ఇక్కడి 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. కన్నవాళ్ళు ఊళ్ళో ఉండగా పిల్ల తరఫున వార్డెను 'సరే' అన్నాడు! మరి రెండేళ్ళకు, 2011లో, పిడుగురాళ్ళ పేద స్త్రీలను హైదరాబాదు తీసుకుపోయి రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షించిన సంగతి పత్రికలకెక్కింది. ఇవి విన్న తల్లి తన పిల్లను పంపనంటే అది అవగాహనా లేమి కాదు, అవగాహనే.

అంకెలు అడిగేవారికి మరొకటి. 2005 నుంచి 2012 వరకు దేశంలో ఔషధ పరీక్షలలో ఉండగా 2,644 మంది మరణించారని, వాటిలో 80 మరణాలకు పరీక్షలే కారణమని 2013లో కేంద్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. తక్కినవారు అప్పటికే జబ్బుతో ఉన్నవారన్నది నిజమే కావచ్చు. కానీ ఆ 80, తక్కినవీ విడదీసిన చేతులు ఎవరివి అని రోగి బంధువు అడిగితే తప్పేమిటి?

ఇంతవరకు తలూపిన మిత్రులు కొందరు ఇక్కడ నా చెయ్యి వదిలేస్తారేమో. 'అసలు ప్రయోగాలే వద్దు, ఇదంతా కంపెనీల దోపిడీ' అనేవారితోనూ నాకు పేచీ ఉంది. 2020లో మన ఊళ్ళలో హైడ్రాక్సీక్లోరోక్విన్ బిళ్ళలకోసం ఎగబడ్డాం. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారికి దానివల్ల ప్రయోజనం లేదని ఆ జూన్‌లో తేల్చింది బ్రిటన్‌లో 'రికవరీ' ట్రయల్‌లో చేరిన రోగులు. మద్రాసులో 1956లో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన క్షయ పరీక్ష మరొకటి. రెండువందలకు కాస్త తక్కువమంది పేదరోగులు, ఇరుకిళ్ళవాళ్ళు. శానటోరియంలో ఉన్నా, ఇంట్లోనే ఉండి మందు మింగినా ఫలితం దాదాపు ఒకటేనని వారి మూలంగానే తెలిసింది. లోకంలో శానటోరియాలు మూతపడటానికి అది ఒక కారణం. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పుకుని గర్విస్తాం. 1995లో తపాలాబిళ్ళ కూడా వేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియాతో ఉన్న పిల్లలకిచ్చాడు. 1948లో ప్రకటించిన పదహారుమందిలో పదిమందికి కొంతకాలం నయమైంది, కొంతకాలమే. ఆ పదహారుమందికీ తపాలాబిళ్ళలేమీ లేవు.

అంటే రోగి ఇస్తున్నది దానం. దానం పుచ్చుకునేవాడు దాతతో ఎలా మాట్లాడాలో మనకు నేర్పనక్కరలేదు కదా! ఆసుపత్రి గుమ్మంలోనే ఆ మర్యాద ఎందుకు మరచిపోతాం?

ఆ రోజు పత్రం ఇంటికి తెచ్చుకున్నాం. మూడు రాత్రులు పెదనాన్నకు మామూలు తెలుగులో చెప్పాను. అసలు మందో సుద్దబిళ్ళో తెలియదనీ, చీటీ వేసినట్టే పంచుతారనీ, మధ్యలో మానుకున్నా వైద్యం ఆపకూడదనీ. చీటీ సంగతి వెంటనే అర్థమైంది, చిట్టీపాటలు ఎరిగినవాడు. నాలుగోనాడు డాక్టరును ఆయన అడిగింది ఒకటే: "బాబూ, ఈ మందు నాకు పనిచేస్తే, మీ పరీక్ష అయిపోయాక కూడా ఇస్తారా?"

కుర్రవాడు తడబడ్డాడు. నేను తరువాత 2019 నాటి నిబంధనలు చదివాను. ఇవ్వవచ్చు: పరిశోధకుడు సిఫారసు చేసి, నైతిక సంఘం ఒప్పుకుని, వేరే చికిత్స లేకపోతే ఉచితంగానే. అయితే ఆపైన ఏం జరిగినా కంపెనీకి బాధ్యత లేదని రోగి రాసివ్వాలి. వరిపొలం కౌలుకిచ్చేటప్పుడు కూడా మా పెదనాన్న అటువంటి కాగితం రాయించుకోలేదు.

అయినా చేరాడు. ఈసారి మొహమాటంతో కాదు, "మనూళ్ళో గుండెజబ్బువాళ్ళు చాలామందే ఉన్నార్రా" అని. ఏడాదిన్నర ఆర్టీసీ బస్సులో నెలనెలా వెళ్ళాడు, ఒక్కసారీ మానలేదు. తరువాత బిళ్ళలు ఆగిపోయాయి, ఫోన్లూ ఆగిపోయాయి.

పోయిన సంక్రాంతికి వెళితే అడిగాడు: "ఒరేయ్, నేను మింగింది మందేనా, సుద్దబిళ్ళేనా? ఇంతకీ ఆ మందు నిలబడిందా?" ప్రభుత్వ రిజిస్ట్రీలో వెతికాను. ఉన్నదంతా ఇంగ్లీషు, ఆయన అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు అందులో లేదు. ఆసుపత్రికి రెండుసార్లు ఉత్తరం రాశాను, బదులు లేదు. మూడోది నిన్న రిజిస్టరు పోస్టులో పంపాను.