పాత గ్రాఫిక్స్ చిప్‌ల సాంకేతిక వివరాలు ఇప్పించాలని వినతిపత్రం

శాక్రమెంటోలోని కాలిఫోర్నియా శాసనసభ గౌరవ సభ్యులకు, ఈ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగు కంప్యూటర్ వినియోగదారుల విన్నపం.

విషయం: మరమ్మతు హక్కు చట్టాన్ని పాత కంప్యూటర్ల గ్రాఫిక్స్ చిప్‌లకు వర్తింపజేయడం గురించి.

ఆర్యా,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 2017లో మొదలైన ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో అయి ఉండాలి. అంతకు పాత యంత్రాలు నిక్షేపంగా పనిచేస్తున్నా వాటికి మిగిలిన దారి లినక్స్ లాంటిదే. తీరా పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ చేయబోతే, ఎన్‌విడియా కార్డున్న యంత్రాల్లో కొన్నిసార్లు మెనూ దాటగానే తెర నల్లబడుతుంది. కేబుల్ చూసుకోమనీ మానిటర్ మార్చమనీ సలహాలు వస్తాయి. నింద వినియోగదారు మీద పడుతుంది.

అది అన్యాయమని చెప్పడానికి ఆధారం ఆ యంత్రంలోనే ఉంది. ఆన్ చేయగానే తెర మీద బొమ్మ పెట్టేది యూఈఎఫ్‌ఐ అనే యంత్రపు సొంత ఫర్మ్‌వేర్. లోగో, మెనూ చక్కగా కనిపించేది అందుకే. తర్వాత లినక్స్ కెర్నల్ తన గ్రాఫిక్స్ డ్రైవర్‌తో తెరను చేతిలోకి తీసుకుంటుంది. బొమ్మ పోయేది సరిగ్గా అక్కడే. బూట్ వరుస చివర నోమోడ్‌సెట్ అని చేరిస్తే కెర్నల్ ఆ పని మానుకుంటుంది, చాలాసార్లు బొమ్మ తిరిగొస్తుంది, కాకపోతే తక్కువ రిజల్యూషన్‌తో. మానిటర్ అదే, కేబుల్ అదే, కార్డు అదే. పక్కకు తప్పుకున్నది డ్రైవర్ ఒక్కటే. ఆ డ్రైవర్ పేరు నూవో. ఎన్‌విడియా పత్రాలు చాలావరకు అందక, చిప్ ఎలా ప్రవర్తిస్తుందో బయటి నుంచి గమనిస్తూ రాసుకొచ్చినది. పైగా 2014 నాటి జీటీఎక్స్ 970, 980 మొదలుకొని కార్డులు కంపెనీ సంతకమున్న ఫర్మ్‌వేర్‌ను తప్ప మరొకదాన్ని ఒప్పుకోవు. వాటిలో 2018కి ముందు తరాల చిప్‌ల వేగం పెంచే భాగం నూవోకు అందకపోవడంతో, బొమ్మ వచ్చినా కార్డు నెమ్మదిగానే నడుస్తుంది.

కంపెనీ సొంత డ్రైవర్ ఉందిగా అనవచ్చు. దాన్ని ఎక్కించుకోవడానికి ముందు తెర కనిపించాలి. కంపెనీ ఒక తరాన్ని వదిలేశాక కెర్నల్ ముందుకు పోతుంది, ఆ డ్రైవర్ ఉన్నచోటే ఆగిపోతుంది. వ్యాపార రహస్యాలన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. దానికి జవాబు పొరుగునే ఉంది. ఇంటెల్ తన గ్రాఫిక్స్ చిప్‌ల ప్రోగ్రామింగ్ పుస్తకాలను ప్రచురిస్తోంది. ఏఎండీ 2007 నుంచీ పత్రాలు విడుదల చేసింది. ఎన్‌విడియాతో కలిపి ఈ మూడు కంపెనీల ప్రధాన కార్యాలయాలూ నేడు శాంటా క్లారాలోనే ఉన్నాయి (ఈ విన్నపం వాషింగ్టన్‌కు కాక మీకు రావడానికి అదీ ఒక కారణం). ఎన్‌విడియా కూడా 2022 మేలో తన కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్‌ను బయటపెట్టింది, కానీ అవి 2018 నాటి ట్యూరింగ్ తరం నుంచే పనికొస్తాయి. అంటే విండోస్ 11 గడప దాటలేని యంత్రాల్లో సాధారణంగా ఉండే కార్డులే ఇక్కడా బయట మిగిలాయి.

2023లో మీరు ఆమోదించిన ఎస్‌బీ 244 అనే మరమ్మతు హక్కు చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అయితే అది 2021 జులై 1న గానీ ఆ తర్వాత గానీ మొదటిసారి తయారై అమ్ముడైన వస్తువులకే వర్తిస్తుంది. వ్యాపార రహస్యాలకు మినహాయింపూ ఇస్తుంది. కొత్త యంత్రాలకు ఆ మినహాయింపును మేము తప్పుపట్టడం లేదు. తయారీదారు మద్దతు మానేసిన చిప్‌కు మాత్రం అది వర్తించకూడదని మా మనవి. సంతకం చేసే రహస్య తాళంచెవులు మేము అడగడం లేదు, భద్రతకు భంగం అన్న మాటకు తావు లేదు. అలాంటి చిప్‌ల డిస్‌ప్లే భాగపు పత్రాలనూ, సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌నూ ఎవరైనా ఉచితంగా పంచుకోగల అనుమతితో విడుదల చేయాలని సవరణ తేవలసిందిగా, దానిపై తయారీదారులనూ డ్రైవర్ రాసేవారినీ కలిపి విచారణ జరపవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

ఇట్లు,
కాలిఫోర్నియాలోని తెలుగు కంప్యూటర్ వినియోగదారులు