గోడల మీది గుప్త రోగం

హైదరాబాద్ నుంచి వచ్చే రైలు ఫరీదాబాద్ దాటి ఢిల్లీ పొలిమేరల్లో వేగం తగ్గించగానే పట్టాల పక్క గోడలు పలకరించడం మొదలుపెడతాయి. మనిషి ఎత్తు హిందీ అక్షరాల్లో 'గుప్త్ రోగ్' అన్న రెండు మాటలు, పక్కనే ఏదో దవాఖానా పేరు, కింద ఓ ఫోన్ నెంబరు. ఉత్తరాదిన రైలెక్కిన వారందరికీ ఈ గోడలు దశాబ్దాలుగా పరిచయమే. రోగం గుప్తం, దాని మీద వ్యాపారం బహిరంగం. అదే రోగానికి ఉచితంగా మందులిచ్చే ప్రభుత్వ క్లినిక్ బోర్డును మాత్రం పెద్దాసుపత్రి వరండాల్లో వెతుక్కోవాలి.

తెలుగులో దీనికి సుఖవ్యాధి అని పేరు. పాత తరం వాళ్లు సెగ అనీ, సవాయి అనీ గొంతు తగ్గించి చెప్పుకునేవారు. డాక్టర్లు గనేరియా, సిఫిలిస్ అంటారు. సుఖవ్యాధి అన్న పేరులోనే ఒక తీర్పు ఉంది. తప్పు చేసినవాడు అనుభవిస్తున్నాడన్నది ఆ తీర్పు. వాస్తవం వేరు. చాలా సందర్భాల్లో సుఖం ఒకరిది, వ్యాధి ఇంకొకరిది. ఆ ఇంకొకరు తరచూ గడప దాటని ఇల్లాలు, కొన్నిసార్లు ఆమె కడుపులోని బిడ్డ.

సమస్య చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం మందులతో పూర్తిగా నయమయ్యే లైంగిక వ్యాధులే ప్రపంచవ్యాప్తంగా రోజుకు పది లక్షల మందికి పైగా సోకుతున్నాయి. 2020లో క్లమిడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకొమోనియాసిస్ అనే నాలుగు వ్యాధుల కొత్త కేసులే 37.4 కోట్లు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2002-03లో జరిపిన అధ్యయనం వయోజనుల్లో 5 నుంచి 6 శాతం మందికి ఏదో ఒక లైంగిక వ్యాధి లేదా జననాంగ ఇన్ఫెక్షన్ ఉన్నట్లు తేల్చింది. అయినా ఈ జాబితాలో జనం నోట నలిగింది, బడ్జెట్‌లో చోటు దక్కించుకున్నది ఒక్క ఎయిడ్స్ మాత్రమే.

అందుకు కారణం ఉంది. 1986లో చెన్నైలో తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడిన తర్వాత దేశం నిజంగానే భయపడింది. 1992లో ఢిల్లీ కేంద్రంగా జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. ఎయిడ్స్ ఎవరి ద్వారా ఎక్కువగా వ్యాపిస్తుందో గుర్తించి వారి దగ్గరకే వెళ్లాలన్నది ఆ సంస్థ ఎంచుకున్న మార్గం. సెక్స్ వర్కర్లు, స్వలింగ సంపర్కులు, ఇంజెక్షన్లతో మత్తుమందులు తీసుకునేవారు, లారీ డ్రైవర్లు, వలస కూలీలు ఆ జాబితాకెక్కారు.

ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఉన్న జాతీయ రాజధాని ప్రాంతం ఈ మార్గానికి సహజమైన పరీక్షాకేంద్రం. వాయవ్య ఢిల్లీలోని సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్‌కు దేశం నలుమూలల నుంచీ లారీలు వస్తాయి. సరుకు దొరికేదాకా రోజుల తరబడి అక్కడే పడిగాపులు కాసే డ్రైవర్ల కోసం అపోలో టైర్స్ 2000లో అక్కడ ఆరోగ్య కేంద్రం తెరిచింది. న్యూఢిల్లీ స్టేషన్‌కు అజ్మీరీ గేట్ వైపు నడక దూరంలోనే జి.బి. రోడ్డు ఉంది. కాగితాల మీద దాని పేరు స్వామి శ్రద్ధానంద్ మార్గ్. కింద ఇనుప సామాను దుకాణాలు, పైన వేశ్యాగృహాలు. కదిరి, అనంతపురం పరిసరాల కరువు గ్రామాల నుంచి స్త్రీలను మాయమాటలతో ఢిల్లీ, ముంబై, పుణెలకు తరలించిన వైనం తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. ఇక మానేసర్, నోయిడా, ఘజియాబాద్ ఫ్యాక్టరీల్లో, అపార్ట్‌మెంట్ల నిర్మాణాల్లో పనిచేసే లక్షల మంది మగవాళ్లు భార్యాపిల్లలను ఊళ్లో వదిలి వచ్చినవారే. పండుగకు ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లు తీసుకెళ్లేది సంపాదన ఒక్కటే కాకపోవచ్చు.

ఎయిడ్స్ విషయంలో ఈ వ్యూహం ఫలించిందనే చెప్పాలి. కోల్‌కతా సోనాగాచిలో 1992లో మొదలైన కార్యక్రమం సెక్స్ వర్కర్లనే ఆరోగ్య కార్యకర్తలుగా మార్చి కండోమ్ వాడకాన్ని పెంచింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ ప్రారంభించిన 'ఆవాహన్' ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో ఇదే బాట పట్టింది. 2004 ఏప్రిల్ 1న ఢిల్లీలోనూ, తీవ్రత ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లోనూ ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం మొదలైంది. 2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. అయితే వయోజనుల్లో అది 0.2 శాతమే. తెలుగువారు మాత్రం తృప్తిపడడానికి లేదు. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ రేటు 0.67 శాతం, తెలంగాణది 0.47 శాతం. ఈశాన్య రాష్ట్రాలైన మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాతి స్థానాలు ఈ రెండింటివే.

చిక్కల్లా మిగతా వ్యాధులతోనే. వీటి కోసం ప్రభుత్వం దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా 'సురక్ష' క్లినిక్‌లను నడుపుతోంది. ల్యాబ్ పరీక్షల కోసం ఎదురుచూడకుండా, లక్షణాన్ని బట్టి రంగుల పొట్లం చేతికిచ్చే పద్ధతి అక్కడ ఉంది. స్రావం కనిపిస్తే బూడిద రంగు కిట్, పుండుకు తెలుపు, పెన్సిలిన్ పడనివారికి నీలం, హెర్పిస్‌కు ఎరుపు, స్త్రీలలో పొత్తికడుపు నొప్పికి పసుపు. ఇలా మొత్తం ఏడు కిట్లు. ల్యాబ్‌లు లేని దేశానికి ఇది తెలివైన ఏర్పాటే. రోగి మళ్లీ వస్తాడో రాడో తెలియనప్పుడు మొదటిరోజే వైద్యం అందుతుంది.

కానీ ఈ పద్ధతి మొత్తం లక్షణం మీద నిలబడి ఉంది. గనేరియా సోకిన మగవాడికి మంట, చీము కొద్ది రోజుల్లోనే తెలుస్తాయి. గనేరియా అయినా, క్లమిడియా అయినా చాలామంది స్త్రీలలో ఏ లక్షణమూ చూపకుండా లోలోపలే పాకుతుంది. గర్భాశయ నాళాలు దెబ్బతిన్నాక ఎన్నో ఏళ్లకు అది సంతానలేమిగానో, నాళంలో నిలిచిన గర్భంగానో బయటపడుతుంది. అప్పటికి భర్త తన మందు తాను వాడుకుని ఆ సంగతే మరచిపోయి ఉంటాడు. గొడ్రాలన్న నింద మాత్రం ఆమెకు మిగులుతుంది. అందుకే ఒక్కరికి మందిస్తే వైద్యం సగమే అయినట్లు. భాగస్వామికి కూడా చికిత్స జరగకపోతే వ్యాధి అదే ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ కబురు భార్యకు చెప్పాల్సిన మగవాడు చెప్పడు. చెప్పించే సామర్థ్యం కిక్కిరిసిన అవుట్ పేషెంట్ విభాగానికి తక్కువ.

సిఫిలిస్ కథ ఇంకా బాధాకరం. తొలిదశలో ఒక్క బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యే వ్యాధి అది. గర్భిణికి రక్తపరీక్ష చేసి సకాలంలో ఆ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ దక్కుతుంది. లేకపోతే మృతశిశువు పుట్టవచ్చు, లేదా పుట్టుకతోనే జబ్బు రావచ్చు. 2022లో ప్రపంచంలో దాదాపు 7 లక్షల మంది శిశువులకు తల్లి నుంచి సిఫిలిస్ సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మందు కనిపెట్టి ఎనభై ఏళ్లు దాటిన వ్యాధికి ఇది మామూలు లెక్క కాదు.

సురక్ష క్లినిక్‌కు వెళ్లడానికి సిగ్గుపడే మగవాడు ముందుగా పట్టేది మందుల షాపు దారి. కౌంటర్ మీద వంగి, నెమ్మదిగా విషయం చెబితే నాలుగు మాత్రలు చేతికొస్తాయి. మంట తగ్గగానే మిగతావి చెత్తబుట్టలో పడతాయి. క్రిమికి దీనికి మించిన శిక్షణ ఉండదు. గనేరియా ఏ మందుకు లొంగుతోందో ఏళ్ల తరబడి గమనిస్తున్న కేంద్రాల్లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోని లైంగిక వ్యాధుల శిక్షణ, పరిశోధన కేంద్రం ఒకటి. ఒకప్పుడు చిటికెలో నయం చేసిన పెన్సిలిన్, ఆ తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ ఈ క్రిమి ముందు చేతులెత్తేశాయి. ఇప్పుడు ఆధారపడదగినవి సెఫలోస్పోరిన్ తరగతి మందులే. అవీ చేజారితే ఆపైన ఉన్న దారులు బహు తక్కువ.

సిగ్గుకు చట్టం తోడైతే ఏమవుతుందో కూడా ఢిల్లీకి అనుభవమే. 1994లో తీహార్ జైల్లో ఖైదీలకు కండోమ్‌లు ఇవ్వడానికి అధికారులు నిరాకరించారు. ఇస్తే నేరాన్ని ప్రోత్సహించినట్లవుతుందని వాదించారు. దానిపై ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే సంస్థ కోర్టుకెక్కింది. 2001లో నాజ్ ఫౌండేషన్ వేసిన పిటిషన్‌కూ మూలం ఎయిడ్స్ నివారణే. 377వ సెక్షన్ భయంతో స్వలింగ సంపర్కులు కండోమ్ ఇచ్చే కార్యకర్త దగ్గరకు కూడా రావడం లేదన్నది ఆ సంస్థ వాదన. 2009లో ఢిల్లీ హైకోర్టు అంగీకరించింది, 2013లో సుప్రీంకోర్టు కాదంది, చివరకు 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు దారి తెరిచింది. పదిహేడేళ్లు పట్టింది. క్రిములు తీర్పుల కోసం ఆగవు.

2018లోనే అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం బాధితుల వివరాలు గోప్యంగా ఉంచాలని, ఉద్యోగంలో, చదువులో వివక్ష చూపరాదని చెబుతోంది. మంచి చట్టమే. సిఫిలిస్ రోగికో, హెర్పిస్ రోగికో అలాంటి ప్రత్యేక భరోసా లేదు. 2021 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా నిర్దేశించిన ఐదో దశ జాతీయ కార్యక్రమం తల్లి నుంచి బిడ్డకు సిఫిలిస్ సోకకుండా చూడడాన్ని, లైంగిక వ్యాధుల వైద్యాన్ని అందుబాటులోకి తేవడాన్ని లక్ష్యాల్లో చేర్చింది. ఆలస్యంగానైనా ఇది ముందడుగు.

అవగాహన సంగతి చూస్తే నిరాశే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీ గురించి సమగ్రంగా తెలిసిన స్త్రీలు 21.6 శాతం, పురుషులు 30.7 శాతం. అన్నిటికంటే ఎక్కువ ప్రచారం పొందిన వ్యాధి పరిస్థితే ఇది. 2007లో బడుల్లో కౌమార విద్య ప్రవేశపెట్టబోతే మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు సంస్కృతి పేరుతో అడ్డుచెప్పాయి. బడి చెప్పని పాఠాన్ని పిల్లలు సెల్‌ఫోన్‌లో నేర్చుకుంటున్నారు. పరిచయాలు కూడా అదే ఫోన్లో జరుగుతున్నాయి. సెక్స్ బజారుకు ఒక వీధి, ఒక అడ్రసు ఉన్న రోజుల్లో రూపొందిన పథకాలు చాటింగ్ యాప్‌లను వెంటాడలేక ఆయాసపడుతున్నాయి.

నమ్మకం పోతే ఏమవుతుందో తెలుగువారికి ఖమ్మం నేర్పింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ కూడా లైంగికంగా సోకే వైరస్సే. 2009లో ఖమ్మం జిల్లాలో వేలాది బాలికలకు ఈ టీకా వేశారు. అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్న వివాదం రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా అనుమానం పోలేదు. 2022లో దేశంలో దాదాపు 80 వేల మంది స్త్రీలు ఈ క్యాన్సర్‌తో మరణించారని అంచనా. చెప్పి, ఒప్పించి చేయాల్సిన పనిని చెప్పకుండా చేయబోయినందుకు తర్వాతి తరం బాలికలు మూల్యం చెల్లించారు.

చేయాల్సినవి కొత్తవేమీ కావు. 1968 నాటి నిరోధ్ ఇప్పటికీ చవకైన రక్షణే. గర్భిణులందరికీ సిఫిలిస్ పరీక్ష, ఆడపిల్లలకు టీకా, భార్యాభర్తలిద్దరికీ కలిపి వైద్యం, మందుల కోర్సు పూర్తిచేయడం. సందేహం ఉంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. అయితే ఈ నెంబరు ఎంతమందికి తెలుసన్నదే అసలు ప్రశ్న. ఢిల్లీ పట్టాల పక్కన గోడలకు కొదవలేదు. వాటి మీద దవాఖానాల నెంబర్లు రాసేవాడికి జనం ఎటు చూస్తారో ఏనాడో తెలుసు. ప్రభుత్వానికే ఇంకా తెలియాల్సి ఉంది.