చూచినవాడు కూడా కనిపించాలి



పిల్లల చేతికి ఒక నోటుపుస్తకమిచ్చి, ఇంటి చుట్టూ ఉన్న చెట్లనూ పిట్టలనూ గమనించి వ్రాయమని ప్రోత్సహించే తల్లిదండ్రులు ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నారు. ఇది సంతోషించదగిన విషయం. అయితే ఆ పుస్తకాలు తెరిచి చూస్తే చాలావాటిలో ఒకే తీరు వాక్యాలుంటాయి: “వేప ఔషధ వృక్షం. కాకి నల్లగా ఉంటుంది.” ఈ మాటలు వ్రాయడానికి గుమ్మం దాటవలసిన అవసరం లేదు. చూచినదెవరు, ఎక్కడ నిలబడి చూచారు, అప్పుడేం చేశారు అన్న సంగతి వాటిలో లేదు. “నేను” అని వ్రాయడం గొప్పలు చెప్పుకోవడమేనని కొందరు పెద్దలు పిల్లలను వారిస్తారు. కాని ప్రకృతి దినచర్యలో ఆ మాట అహంకారానికి గుర్తు కాదు, సాక్ష్యానికి గుర్తు.

సుప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ 1896లో బొంబాయిలో జన్మించారు. పదేళ్ళ ప్రాయంలో ఆయన వ్రాసుకొన్న ఒక చిన్న టిప్పణి, 1985లో వెలువడిన ఆయన ఆత్మకథలో ఉంది. గోడ రంధ్రంలో ఆడపిచ్చుక గుడ్లు పొదుగుతోంది. మగపిచ్చుక బయట మేకు మీద కాపలా కాస్తోంది. బండి చాటున పొంచి ఉండి బాలుడు దానిని కాల్చాడు. కొద్దిసేపటికే మరో మగపిట్ట వచ్చి ఆ స్థానంలో కూర్చున్నది. దానినీ కాల్చాడు, ఇంకొకటి వచ్చింది. ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలను కాల్చానని ఆ బాలుడే వ్రాసుకొన్నాడు.

ఆ టిప్పణిలో నుండి “నేను కాల్చాను” అన్న మాటను తీసివేసి చూడండి. మేకు మీదికి మగపిట్టలు వస్తూ పోతూ ఉన్నాయన్న అర్థంలేని సమాచారం మిగులుతుంది. తన చేతిపని దాచలేదు కనుకనే, జత పోయిన ఆడపిచ్చుక దగ్గరకు కొత్త మగపిచ్చుక ఎంత త్వరగా చేరుతుందో మనకు తెలిసింది. ఆ పని మెచ్చదగినదా కాదా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న వేయగలుగుతున్నది కూడా ఆ నిజాయితీ వల్లనే.

హదీసు విద్య అభ్యసించినవారికి ఇది కొత్త సంగతి కాదు. మాట ఎంత మంచిదైనా సరే, ఎవరు విన్నారు, ఎవరి నుండి విన్నారు అని పండితులు ముందుగా విచారించారు. ఆ పరంపరనే సనదు అంటాము. ఉల్లేఖకుని పేరు అక్కడ కీర్తి కోసం లేదు, బాధ్యత కోసం ఉంది.

అనుభూతికి కూడా దినచర్యలో స్థానముంది. బాబరు తన స్వీయచరిత్రలో హిందూస్థానపు జంతువులనూ పక్షులనూ వృక్షాలనూ ఫలాలనూ ఎంతో వివరంగా వర్ణించాడు. అదే గ్రంథంలో, చివరి సంవత్సరాలలో ఖ్వాజా కలానుకు వ్రాసిన లేఖ ఒకటి ఉంది. తన కోసం తెచ్చిన ఖర్బూజాను కోసి తింటూ ఉంటే కన్నీళ్ళు ఆగలేదని అందులో వ్రాశాడు. ఫలాల వివరణ చదివినవారికి ఆయనకు తెలిసినది తెలుస్తుంది. ఈ ఒక్క మాట చదివినవారికి ఆయన ఏ నేలను విడిచి వచ్చాడో తెలుస్తుంది.

అయితే ఒక హద్దు పాటించాలి. మన సంతోషం పిట్టను కప్పివేయకూడదు. పేజీలో చూచినది వేరుగా, విన్నది వేరుగా, అనిపించినది వేరుగా ఉండాలి. వానాకాలంలో మీ అమ్మాయి ఇలా వ్రాయవచ్చు: “ఫజ్ర్ నమాజు తరువాత. పొలం బావి. సన్నని వాన. ఈతచెట్టుకు ఐదు గిజిగాడు గూళ్ళు, రెండు సగమే అల్లినవి. పసుపు తల మగపిట్ట పోచ తెచ్చింది. నేను దగ్గరకు వెళ్ళగానే ఎగిరిపోయింది, వెనక్కి జరిగి నిలుచుంటే మళ్ళీ వచ్చింది. తన చిన్నప్పుడు ఈ చెట్టు నిండా గూళ్ళుండేవని నానీ చెప్పింది. నాకు దిగులు వేసింది.”

ఈ పేజీలో పిట్ట ఉంది, అమ్మాయి ఉంది, నానీ కూడా ఉంది. నానీకి వ్రాయడం రాకపోవచ్చు. ఆమె చూచిన చెట్టు ఆమెతోనే పోకుండా మనుమరాలి పేజీలోకి వచ్చింది. రేపు ఆ బావిని పూడ్చివేయవచ్చు, ఈతచెట్టును కొట్టివేయవచ్చు. అప్పుడు అక్కడ గూళ్ళుండేవని చెప్పడానికి ఊహ చాలదు, పేరూ తేదీ ఉన్న సాక్షి కావాలి.

ఈ నెలలో ఇంటిల్లిపాదీ వారానికి ఒక్క పేజీ వ్రాయండి. తేదీ, వేళ, చోటు ముందుగా వేయండి. చూచినది ఉన్నదున్నట్లు వ్రాయండి. పెద్దలు చెప్పినదైతే వారి పేరు పెట్టండి. చివర ఒక్క వాక్యం మీ గురించి వ్రాయండి. పిల్లలు వ్రాసిన ఆ వాక్యాన్ని మాత్రం మీరు దిద్దకండి.