ఫ్యాక్టరీలో గోడలు.. సైట్‌లో బిగింపు! ఇందిరమ్మ ఇళ్లకు ఇది కుదురుతుందా?

వరంగల్: గోడలు, స్లాబ్ ఫ్యాక్టరీలో తయారై లారీలో వస్తే? క్రేన్‌తో ఎత్తి బిగించేస్తే? వినడానికి బాగుంది కదా! దీన్నే ప్రీకాస్ట్ అంటారు. మనకిది పూర్తిగా కొత్తేం కాదు. సెప్టిక్ ట్యాంక్‌కు దించే సిమెంట్ రింగులు, ప్లాట్ల చుట్టూ కనిపించే రెడీమేడ్ ప్రహరీలు ఇలాంటివే. హైదరాబాద్ మెట్రో వంతెన కూడా యార్డుల్లో పోసిన ముక్కల్ని పిల్లర్లపై చేర్చి కట్టిందే. మరి ఇల్లు సంగతేంటి?

ముందు కంప్యూటర్‌లో కడతారు

పిల్లర్లు, పైపులు, కరెంట్ లైన్లతో సహా బిల్డింగ్ మొత్తాన్ని ముందు త్రీడీ మోడల్‌గా గీస్తారు. దీని పేరు బిమ్. పైపుకు బీమ్ అడ్డొస్తే కాంక్రీట్ పోయకముందే తెలిసిపోతుంది. కానీ ఒక్క షరతు.. తర్వాత మార్పులు కుదరవు. మనమేమో స్లాబ్ పడ్డాక కూడా 'మేస్త్రీ, ఇక్కడో కిటికీ పెట్టు' అంటాం!

చెన్నైలో చేసి చూపించారు

కేంద్రం 2021 జనవరి 1న ఆరు నగరాల్లో లైట్‌హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. చెన్నై పెరుంబాక్కంలో ప్రీకాస్ట్‌తో కట్టిన 1,152 ఇళ్లు 2022 మే 26న ప్రారంభమయ్యాయి. అంటే సుమారు 17 నెలలు. అక్కడ ఇళ్లన్నీ ఒకే చోట, ఒకే తరహా. అవే అచ్చులు మళ్లీ మళ్లీ పనికొచ్చాయి.

ఇక్కడ చిక్కెక్కడ?

ఇందిరమ్మ ఇళ్లు అలా కాదు. ఎవరి జాగాలో వాళ్లు కట్టుకోవాలి. ఒక్కో జాగా ఒక్కో కొలత. ఇరుకు గల్లీలోకి క్రేన్ వెళ్లదు. అసలు సమస్య మాత్రం డబ్బు. సర్కార్ ఇచ్చే రూ.5 లక్షలు బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, ఇల్లు పూర్తి.. ఇలా నాలుగు దశల్లో వస్తాయి. గోడ లేచాకే గోడ బిల్లు. ఫ్యాక్టరీకేమో ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడ్వాన్స్ కట్టాలి. అంత సొమ్ము పేదోడు ఎక్కడ తేవాలి?

మేస్త్రీల పరిస్థితి ఏంటి?

ఇటుక పని, సెంట్రింగ్, రాడ్ బెండింగ్.. ఈ పనులు చాలావరకు ఫ్యాక్టరీకి వెళ్లిపోతాయి. సైట్‌లో మిగిలేది బిగించడం, జాయింట్లు నింపడం. జాయింట్ సరిగ్గా నింపకపోతే వానకు నీళ్లు కారతాయి. అందుకే అడ్డా మీది మేస్త్రీకి ముందే ట్రైనింగ్ ఇవ్వాలి. లేదంటే ఆయనకు పని పోతుంది, మనకు ఇల్లు కారుతుంది.

ఏం చేయొచ్చు?

మొత్తం ఇల్లు ఒకేసారి ప్రీకాస్ట్ చేయక్కర్లేదు. లింటెల్స్, సన్‌షేడ్లు, సిమెంట్ దర్వాజాలు.. ఇవి ఇద్దరు ముగ్గురు మోసేవే. ఊరి లబ్ధిదారులంతా ఒకే సైజుకు ఒప్పుకుంటే మండలంలో ఓ చిన్న యార్డు చాలు. దాన్ని స్థానిక మేస్త్రీలే నడపొచ్చు. యార్డుకు ఇచ్చే అడ్వాన్స్‌కు బిల్లులో చోటు పెడితే సగం చిక్కు తీరినట్టే. టెక్నాలజీ ఎప్పుడో వచ్చేసింది. మారాల్సింది బిల్లుల పద్ధతే.