అచ్చుయంత్రం ఎవరిది?

"ఆడవాళ్ళకు ఆ కళ కుదరదండీ. బరువైన చక్రం తిప్పాలి, ఆమ్లంతో పని, చేతులు నల్లబడతాయి. అయినా చెన్నూరులాంటి ఊళ్ళో అవి ఎవరు చూస్తారు?"

గత కొన్నేళ్ళలో ఈ మాటను కనీసం నలుగురి నోట విన్నాను. నలుగురూ చదువుకున్నవారే, వారిలో ఇద్దరు స్వయంగా బొమ్మలు వేసేవారు. పేర్లు అనవసరం. ఎందుకంటే అది ఆ నలుగురి సొంత అభిప్రాయం కాదు, మనలో చాలామంది పైకి అనకుండా నమ్ముతున్నదే. దానితో తగవు పెట్టుకోవడానికే ఈ టపా.

ముందు పేరు సంగతి. ప్రింట్‌మేకింగ్‌ను నేను అచ్చుచిత్రకళ అంటున్నాను. ముద్రణ అనగానే వార్తాపత్రికలూ పెళ్ళిపత్రికలూ గుర్తుకు వస్తాయి కనుక ఆ మాట వాడలేదు. ఇంతకంటె మంచి మాట ఎవరైనా సూచిస్తే సంతోషంగా స్వీకరిస్తాను. చెక్క మీదనో, లినోలియం పలక మీదనో, రాగిరేకు మీదనో బొమ్మను చెక్కి, సిరా పట్టించి, దానిని కాగితం మీదికి ఎత్తడం ఈ కళ. ఒక పలక నుంచి ఇరవై ప్రతులు తీయవచ్చు, యాభై తీయవచ్చు. అన్నీ అసలువే, ఏదీ నకలు కాదు. అందుకే ఒక్కొక్క ప్రతి వెల తక్కువగా ఉంటుంది, బడిపంతులు కూడా కొనుక్కోగలిగినంత.

ఈ కళలో తెలుగువారు వెనుకబడిలేరు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతనంలో చదివి, పారిస్ చేరి, అక్కడ హేటర్ నడిపిన అటెలియే 17లో పనిచేశారు. ఒకే పలక మీద వేర్వేరు చిక్కదనాలున్న రంగులను ఒకేసారి అచ్చువేసే పద్ధతిని ఆ శాలలో రూపుదిద్దినవారిలో ఆయన ముఖ్యుడు. 2018లో న్యూయార్కులో మరణించే వరకు ప్రపంచంలోని అచ్చుచిత్రకారులు ఆయనను గురువుగా చూశారు. ఇక మన తెలంగాణలో, మెదకు జిల్లా నిజాంపూరు నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్ చెక్కిన పలకల సంగతి చిత్రకళ తెలిసినవారికి చెప్పనక్కరలేదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎందరికో ఆయన ఈ విద్య నేర్పారు.

ఆయన పలకల మీద పల్లె స్త్రీ ఉన్నది. పూర్వపు కరీంనగరు జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం చిత్రాలలోనూ ఆమే ఉన్నది. పెద్ద బొట్టు, ముదురు రంగు చీర, ముక్కుపుడక, నిండైన దేహం. ఆమె కార్యాలయాల గోడలెక్కింది, హోటళ్ళెక్కింది, పుస్తకాల అట్టలెక్కింది. ఇద్దరూ గొప్ప చిత్రకారులు, ఆ విషయంలో నాకు పేచీ లేదు. నా పేచీ మనతో. ఆ స్త్రీని గోడకు తగిలించుకుని మురిసిపోయే మనం, ఆమె చేతికి చెక్కుడు ఉలి ఇచ్చి చూద్దామని ఏనాడైనా అనుకున్నామా?

ఆడవాళ్ళకు కుదరదన్న మాట ఎంత నిలుస్తుందో చూద్దాం. కృష్ణారెడ్డి చేరడానికి ముందు, రెండవ ప్రపంచయుద్ధం వల్ల ఆ అటెలియే 17 కొన్నేళ్ళు న్యూయార్కుకు తరలింది. 1940 నుంచి 1955 దాకా అక్కడ తొంభైమందికి పైగా స్త్రీలు పనిచేశారు. లూయీజ్ బూర్జువా, లూయీజ్ నెవెల్సన్ వారిలోనివారే. మన దేశంలో అనుపమ్ సూద్ ఢిల్లీ కళాకళాశాలలో దశాబ్దాలపాటు ఎచింగు నేర్పారు. అలీగఢ్‌లో పుట్టిన జరీనా హాష్మీ పారిస్‌లో హేటర్ దగ్గరే నేర్చుకుని, తరువాత న్యూయార్కులో స్త్రీవాద కళాసంస్థలో కాగితం తయారీ నేర్పారు. వీరెవరి చేతులూ చక్రం బరువుకు విరగలేదు. ఆ మాటకొస్తే మా అమ్మమ్మ తరం తెల్లవారుజామున తిప్పిన ఇసుర్రాయి కంటె అచ్చుయంత్రపు చక్రం బరువా? ఆమ్లం ప్రమాదమంటారా, ఇంటింటా మరుగుదొడ్లను ఆమ్లంతో కడుగుతున్నది ఎవరు? అక్కడ లేని జాలి ఇక్కడ ఎందుకు పుట్టుకొస్తుంది?

నల్లబడే చేతుల విషయంలో మరొక మాట. మా జిల్లా ఇప్పుడు మంచిర్యాల, 2016కు ముందు ఆదిలాబాదు. ఆ పాత జిల్లా అడవుల్లో గోండులకు పాటగాళ్ళయిన తోటీలున్నారు. మగవారు కిక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడతారు. ఆడవారు పచ్చబొట్లు పొడుస్తారు. ఆ గాథల గురించి హైమన్‌డార్ఫ్ మొదలుకొని ఎందరో వ్రాశారు. పచ్చబొట్టు మాత్రం ఆచారాల జాబితాలో ఒక పంక్తిగా మిగిలింది. ఎచింగు తెలిసినవారు ఒక్క క్షణం ఆలోచించండి. పలక మీద సూదితో గీత తెరుస్తారు, ఆ గీతలోకి మసితో చేసిన నల్లసిరా పట్టిస్తారు, పైపైన అంటినది తుడిచేస్తారు, గాడిలో నిలిచినదే బొమ్మ. తోటి స్త్రీ చర్మం మీద చేసే పని కూడా అదే. కాగితం మీదికి ఎత్తదు, అంతే తేడా. నమూనాలు ఆమె మనసులో ఉంటాయి, తల్లి నుంచి బిడ్డకు వస్తాయి. అంటే నేర్చుకున్నదీ, వృత్తిగా చేసినదీ, తరువాతి తరానికి నేర్పినదీ స్త్రీలే. ఇది కళ కాదనడానికి నాకు ఒక్క కారణమే కనిపిస్తున్నది. చేసినవారు ఎవరో మనకు తెలుసు కనుక.

ఇక రెండో ఆక్షేపణ, చిన్న ఊరు అన్నది. దీనికి జవాబు చాలా దూరాన ఉన్నది కనుక కాస్త ఓపిక పట్టండి.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో, నగరానికి దూరంగా రోజెండేల్ అనే చిన్న ఊరున్నది. ఒకప్పుడు అక్కడి సున్నపురాతి గనుల నుంచి వచ్చిన సిమెంటుకు పెద్ద పేరు, బ్రూక్లిన్ వంతెన కట్టడానికి కూడా అదే వాడారు. తరువాత ఆ పరిశ్రమ మూతపడింది. (మా పక్కనే ఉన్న మంచిర్యాల సిమెంటు కర్మాగారం కథ తెలిసినవారికి ఈ వరుస కొత్తగా అనిపించదు.) 1974లో ఆ ఊళ్ళో నలుగురు స్త్రీలు, ఆన్ కాల్మ్‌బాక్, టటానా కెల్నర్, అనీటా వెట్జెల్, బార్బరా లియోఫ్ బర్జ్, కలిసి మహిళా కళాశాల ఒకటి పెట్టారు. ఉమెన్స్ స్టూడియో వర్క్‌షాప్ అని దాని పేరు. భవనం లేదు, ఉన్నది ఒక మామూలు ఇల్లు. ముందుగదిలో ఎచింగు, నేలమాళిగలో స్క్రీన్‌ప్రింటింగు, అటక మీద కాగితం తయారీ. తాము బొమ్మలు వేసుకున్నారు, వచ్చినవారికి నేర్పారు, చుట్టుపక్కల బడిపిల్లలను పిలిచి వారి చేత అచ్చులు తీయించారు, చేతితో అచ్చువేసిన పుస్తకాలు వందల సంఖ్యలో ప్రచురించారు. డబ్బుకు కటకట వస్తే తామే చేసిన మట్టిగిన్నెల్లో కారపు చిక్కుడుగింజల కూర పోసి, గిన్నెతో సహా అమ్మే పండుగ కూడా జరిపారు. అర్ధశతాబ్దం దాటినా ఆ శాల నడుస్తూనే ఉన్నది.

అది న్యూయార్కు నగరంలో కాక రోజెండేల్‌లో నిలిచిందంటే నాకు ఆశ్చర్యం లేదు. అచ్చుయంత్రానికి చోటు కావాలి. చోటు చవకగా దొరికేది చిన్న ఊళ్ళోనే. హైదరాబాదులో ఒక గది అద్దెకు చెన్నూరులో ఒక ఇల్లే వస్తుంది.

అయినా మన ఆలోచన అంతా హైదరాబాదు చుట్టూనే తిరుగుతుంది. అక్కడి కళాశాలల నుంచి అచ్చుచిత్రకళ నేర్చిన అమ్మాయిలు బయటికి వస్తూనే ఉన్నారు. తరువాత ఏమవుతున్నారు? నీటిరంగులు నేర్చినవారు ఇంట్లో బల్ల మీద వేసుకోవచ్చు. ఎచింగు నేర్చినవారికి యంత్రం లేకపోతే చదివినదంతా అక్కడితో సరి. మా అక్క కూతురు అలాగే చదివి ఊరికి వచ్చింది. ఆమె జింకు పలకలు మంచం కింద పాతచీరలో చుట్టి ఉన్నాయి. ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆపిల్ పండుకు రంగు నింపడం నేర్పుతున్నది. వాళ్ళ నానమ్మ ఒకనాడు అడిగింది, "బిడ్డా, సదువైతే నేర్పిండ్రు గని మిషిని ఇయ్యకపాయిరి?" కళావిద్య మీద నేను చదివిన వ్యాసాలన్నింటిలోనూ ఇంత సూటి ప్రశ్న లేదు.

ఈ ఇబ్బందిని ఢిల్లీలో ఏనాడో గుర్తించారు. లలితకళా అకాడమీ 1976లో గఢీలో ఉమ్మడి కార్మశాలలు తెరిచింది, సొంత యంత్రం లేనివారు కూడా పని చేసుకోవడానికి. అటువంటిది జిల్లాకొకటి ఉండాలని అడగడం అత్యాశా?

"మీ ఆడవాళ్ళు మంచి ముగ్గులు వేస్తారు కదా, ఆ నమూనాలు పంపండి, ఇక్కడ అచ్చు వేయించి అమ్మిపెడతాం" అని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. మంచి మనసుతోనే అన్నారు. ఒప్పుకోలేకపోయాను, దానికి కారణం చెప్పాలి. ఉత్తర కెనడాలో మంచుదేశపు ఇన్యూయిట్ ప్రజలు కేప్ డార్సెట్ అనే ఊళ్ళో 1959 నుంచి ఏటా అచ్చుచిత్రాల సంపుటాలు వెలువరిస్తూ వచ్చారు. వాటిలో అతి ప్రసిద్ధమైన గుడ్లగూబ బొమ్మ గీసినది కెనోజువాక్ అషేవాక్ అనే స్త్రీ. 1970లో అది తపాలా బిళ్ళ మీదికి కూడా ఎక్కింది. ఆమెకు పేరు వచ్చింది, రావలసినదే. కాని ఆ ఊళ్ళో ఆడవారు కాగితం మీద గీయగా, దానిని రాతి మీద చెక్కి అచ్చు తీసినవారు చాలావరకు మగవారు. గీసేవారు ఒకరు, శాల నడిపేవారు ఒకరు. గీతను రాతిలోకి దింపేటప్పుడు ఎక్కడ లోతు, ఎక్కడ పలచన, ఏ రంగు, ఏ ప్రతిని పారేయాలి, ఈ నిర్ణయాలన్నీ యంత్రం దగ్గర జరుగుతాయి. ముగ్గు మాది, నిర్ణయం మీది అయితే, గోడ మీద బొమ్మగా ఉన్న మనిషి కాగితం మీద నమూనాగా మారుతుంది, అంతకు మించి జరిగేదేమీ లేదు.

చెన్నూరు గురించి తెలియనివారికి రెండు మాటలు. గోదావరి ఇక్కడ ఉత్తరవాహిని. చుట్టూ టేకు అడవి, తునికాకు, దసలిపట్టు కాయలు. కాస్త దూరాన బొగ్గు గనులు. ఈ ప్రాంతపు స్త్రీల చేతుల నేర్పు చూడాలంటే బీడీలు చుట్టేవారి దగ్గర కూర్చోండి. రేకు కొలత పెట్టి ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు సమంగా పరచడం, మడత తేడా రాకుండా వేల సార్లు అదే పని. అచ్చుచిత్రకళలో అన్నింటికంటె కష్టమైన గుణం ఇదే, మొదటి ప్రతీ యాభయ్యవ ప్రతీ ఒక్కలా రావడం. ఆ కట్టల మీద అంటించే రంగుల లేబులు కూడా ఒక అచ్చుబొమ్మే. దాని మీద ఆ సేటు బొమ్మో, దేవుడి బొమ్మో ఉంటుంది. చుట్టిన చేతి జాడ మాత్రం ఎక్కడా ఉండదు.

ఇటువంటి చేతులకు ప్రభుత్వాలు ఇంతకాలంగా ఇచ్చింది ఏమిటంటే కుట్టుమిషను. ఏ పార్టీ వచ్చినా కుట్టుమిషనే. మహిళాభ్యుదయం అనగానే మన అధికారుల ఊహ జాకెట్టు కొలత దగ్గర ఆగిపోతుంది. డ్రాయింగుకూ టైలరింగుకూ ఒకే శాఖ లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు పెడుతుంది. మంచిదే, రెండూ చేతిపనులే. మరి టైలరింగు పాసైన అమ్మాయికి మిషను ఉన్నది, డ్రాయింగు పాసైన అమ్మాయికి ఏమున్నది? కుట్టుపనిని చిన్నచూపు చూస్తున్నానని ఎవరూ అనుకోవద్దు, మా అమ్మ ఆ మిషను మీదే మమ్మల్ని చదివించింది. ఆ ఒక్కటే ఎందుకని నా ప్రశ్న.

అమ్ముడుపోతాయా అంటారా, మొదట్లో పోవు. మొదలుపెట్టడానికి కోట్లు కూడా అక్కరలేదు. లినోలియం పలకలు, నాలుగు ఉలులు, ఒక రోలరు, సిరా, కాగితం ఉంటే చాలు. పలక మీద కాగితం పరచి గరిటె వెనుకవైపుతో రుద్దినా బొమ్మ దిగుతుంది. మా అక్క కూతురు, మరో ముగ్గురు అమ్మాయిలు నిరుడు చలికాలం నుంచి ఆదివారాలు మా ఇంటి వసారాలో అలాగే చేస్తున్నారు. కోతమిల్లు దగ్గర పారేసిన టేకు ముక్కల మీద కూడా చెక్కి చూశారు. టేకు గట్టిది, ఉలి జారుతుంది, కాని దాని నార అచ్చులో పడితే గోదావరి నీటి చార వచ్చినట్టుంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఐదుగురు నేర్చుకోవడానికి వస్తున్నారు. వారిలో ఒకతె తన తల్లి బీడీల చాటను చెక్కింది.

ఎచింగుకు మాత్రం గరిటె చాలదు, యంత్రం కావాలి, దానికి గది కావాలి. ఊళ్ళో ఒక ప్రభుత్వ భవనంలో కుట్టుమిషన్లున్న గది పక్కన మరొక గది ఖాళీగా ఉన్నది. అడిగితే ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు. అయితే దరఖాస్తులో ప్రయోజనం అన్న చోట 'కుట్టు, అల్లికల శిక్షణ' అని వ్రాయమన్నారు, వేరే మాట వ్రాస్తే పైన ఒప్పుకోరట. అమ్మాయిలు నలుగురూ కూర్చుని 'అచ్చుచిత్రకళ సాధన, బోధన' అని వ్రాసి, నలుగురూ సంతకాలు చేసి పోయిన సోమవారం ఇచ్చి వచ్చారు.