పన్ను చక్కెర మీదా, బుడగల మీదా?

కూల్‌డ్రింకుల మీద పన్ను వేయాలా వద్దా అని వాదించుకోనక్కర్లేదు, ఎప్పుడో వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాసు పానీయాలపై జీఎస్టీ 40 శాతం. అంతకుముందు 28 శాతం పన్ను, 12 శాతం సెస్సు కలిపినా అంతే. విచిత్రమేమంటే, చక్కెర లేని కోలాకూ అదే 40. పండ్లరసం పేరుతో పిల్లలు తాగే తియ్యటి ప్యాకెట్టుకు 5 మాత్రమే, అందులో గ్యాసు లేదు గనుక! ఇది చక్కెర మీద పన్నా, బుడగల మీదా?

బ్రిటన్ 2018లో చక్కెరనే తూచింది. 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములుంటే ఒక రేటు, 8 గ్రాములకు చేరితే ఇంకా ఎక్కువ. పన్ను తప్పించుకోవటానికి చాలా కంపెనీలు చక్కెరే తగ్గించాయి. మన ప్రభుత్వం చేయవలసిందీ ఇదే.

ఫాస్ట్‌ఫుడ్ విషయంలో మాత్రం తొందర వద్దు. కేరళ 2016లో పెద్ద రెస్టారెంట్ల పిజ్జా, బర్గర్లపై 14.5 శాతం వేసింది. మరుసటి ఏడు జీఎస్టీ రాగానే అది పోయింది. నూనె బాండీ ముందు నిలబడి సమోసాలు అమ్ముకునే పేదవాడి దాకా అలాంటి పన్ను రాకూడదు.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. మన దావత్‌లలో బిర్యానీ పక్కన పెట్టే 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో చక్కెర దాదాపు 30 గ్రాములు. వసూలైన పన్నులో కొంతైనా సర్కారు దవాఖానాల్లో షుగరు పరీక్షలకూ, మందులకూ కేటాయించమని మన ఎమ్మెల్యేలనూ, ఎంపీలనూ అడగాలి.