రెండవ పాటల సంపుటి: మన పెద్దలకొక ప్రత్యుత్తరము

ఇట్టి సంచికలలో వ్యాసము వ్రాయువారు త్యాగరాజస్వామితోనో, వేమనతోనో, శ్రీకృష్ణదేవరాయలతోనో ప్రారంభించుట మన వాడుక. నేనును పూర్వము అట్లు వ్రాసినవాడనే. ఈ పర్యాయము మాత్రము ఢిల్లీ నగరమునకు చెందిన ఒక మెటల్ సంగీతపు మేళమును గూర్చి, అందును వారి రెండవ పాటల సంపుటిని గూర్చి వ్రాయవలసి వచ్చినది. అందులకు కారణము మన పెద్దలే. గుడియాత్తము, పేర్ణాంబట్టు, వేలూరు ప్రాంతములలోని మన తెలుగు కుటుంబములు పెండ్లికో గృహప్రవేశమునకో కూడినచోటనెల్ల ఒకే మాట వినబడుచున్నది: "పిల్లలు చెవులలో ఏవో గొట్టములు పెట్టుకొని రంకెలు వినుచున్నారు, సంగీతము చెడినది, తెలుగు చెడినది." ఈ మాటను ఇంతకాలము విని ఊరకుంటిని. ఇక ఊరకుండజాలను. ఈ ఆక్షేపణలో సగము అజ్ఞానమును, సగము మన తప్పును పిల్లలపై నెట్టు నేర్పును కలవని నా అభియోగము.

విషయము తెలియనివారికి మొదట రెండు మాటలు. 1970 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగుహామ్ నగరపు కార్మికవాడలో పెరిగిన నలుగురు యువకులు 'బ్లాక్ సాబత్' అను పేర తమ మొదటి రికార్డును వెలువరించిరి. వారిలో గిటారు వాయించు టోనీ అయోమీ పదునేడేండ్ల వయసున రేకుల కర్మాగారములో పనిచేయుచు, కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలను యంత్రములో పోగొట్టుకొన్నవాడు. అతనిది ఎడమచేతి వాటము. తంతులను నొక్కవలసినవి ఆ కుడిచేతి వ్రేళ్ళే. అతడు ప్లాస్టిక్కు సీసాను కరగించి వ్రేళ్ళకు తొడుగులు చేసికొని, పలుచని తంతులు బిగించుకొని మరల వాయించెను. తరువాతి కాలమున తంతులను సడలించి శ్రుతి దింపుటచే ఆ నాదమునకు మరింత బరువు వచ్చినది. అగ్గిపెట్టెల కర్మాగారములును, మగ్గపు గుంటలును ఎరిగిన గుడియాత్తము వాసులకు ఇది పరాయి కథ కానేరదు. పనిలో దెబ్బతిన్న చేతినుండి వచ్చిన నాదమిది. రాజాస్థానమున పుట్టలేదని దీనిని చులకన చేయుట మనబోటివారికి తగదు.

ఆ నలుగురే అదే సంవత్సరము సెప్టెంబరులో 'పారనాయిడ్' అను రెండవ రికార్డును తెచ్చిరి. నడుమ ఏడే నెలలు. అది బ్రిటనులో అమ్మకములందు మొదటి స్థానము నందుకొన్నది. మొదటిదానిని వింతగా విన్నవారు రెండవదానిని తమ సొంతముగా విన్నారు. ఈ 'రెండవది' యను మాటయందే నా వాదమంతయు నున్నది.

ఏలయన, మొదటి కృతి వెనుక కళాకారుని ఇరువది యేండ్ల జీవితముండును. బాల్యమునుండి కూడబెట్టిన కోపమును, ప్రేమయు, విన్న పాటలును, పడిన అవమానములును అన్నియు అందు కుమ్మరింపవచ్చును. రెండవదానికి రెండు మూడేండ్లే గడువు. పైగా మొదటిదానిని మెచ్చినవారందరును వాకిట నిలిచియుందురు. మన ఇండ్లలో కొత్తకోడలు మొదటినాడు వండిన పాయసమునకు ఎవరును వంక పెట్టరు. రెండవ పండుగకు గదా ఆమె చేతి రుచి యేదో తేలునది!

ఇక ఢిల్లీవారి కథ. 'బ్లడీవుడ్' అను ఈ మేళమును 2016లో కరణ్ కటియార్, జయంత్ భాదులా అను ఇద్దరు ప్రారంభించిరి. పేరులోనే పరిహాసమున్నది, వారి తొలి పనియు పరిహాసమే. జనము మెచ్చిన పాటలను మెటల్ బాణీలోనికి మార్చి నవ్వించుచుండిరి. పిమ్మట రావుల్ కెర్ అను ర్యాప్ గాయకుడు వారితో కూడెను. సొంత పాటలు వచ్చినవి. గిటారు ప్రక్కన ఢోలు, ఢోలు ప్రక్కన వేణువు చేరినవి. 2019లో జర్మనీదేశమున వాకెన్ అను చోట జరుగు పెద్ద మెటల్ ఉత్సవమున వీరు పాడగా, హిందీయో పంజాబీయో ఒక్క ముక్క యెరుగని వేలకొలది జనము ఆ పల్లవులను ఎలుగెత్తి పాడిరి. 2022 ఫిబ్రవరిలో పది పాటలతో 'రక్షక్' అను మొదటి సంపుటి వెలువడినది. అందలి 'దనాదన్' అను పాట స్త్రీలపై జరుగు అత్యాచారములపై పిడికిలి బిగించినది. రంకెలు వేయువారికి మాటలు లేవనువారు ఆ ఒక్క పాటను వినిన చాలును.

అప్పుడే శంకించువారును బయలుదేరిరి. ఢోలు చప్పుడు, గావుకేక, నడుమ ఇంగ్లీషు ర్యాపు. ఈ గమ్మత్తు ఒకసారికి చాలుననిరి. దాచనేల, నేనును వారిలో ఒకడనే. పగటివేషగాడు ఒక వీధిలో రెండుసార్లు తిరిగినచో పిల్లలు కూడ వెంటపడరు గదా అనుకొంటిని.

2025 మార్చి 21వ తేదీన రెండవ సంపుటి 'న్యూ ఢిల్లీ' వచ్చినది. ఎనిమిది పాటలు. గుడియాత్తమునుండి మోర్ధానాకు పోవుచు బస్సులో మా మేనల్లుడు తన గొట్టములలో ఒకటి నా చెవిలో పెట్టి వినిపించినాడు. మొదటి పాట 'హల్లా బోల్' ముగియునప్పటికే నా పగటివేషపు ఉపమానము వీగిపోయినది. వీరిప్పుడు అమెరికా కంపెనీ ద్వారా లోకమునకు పాటలు అమ్ముకొనువారు. ఇంటి భాషను పలుచన చేసి, ఢోలును వెనుకకు నెట్టి, పరదేశీయుల చెవికి హాయిగా ఉండునట్లు పాడి యుండవచ్చును, ఎవరును తప్పుపట్టరు. వారట్లు చేయలేదు. 'తడకా' అను పాట తాళింపును గూర్చి, మన తిండిని గూర్చి! ఇంత భీకరమైన వాద్యఘోషతో తిరగమోత వేయవచ్చునని ఎవరికి తోచును? సంపుటికి పేరిచ్చిన 'న్యూ ఢిల్లీ' అను పాట తమ ఊరి మీది మమకారముతో నిండినది. జపానుదేశపు 'బేబీమెటల్' యువతులతో కలిసి పాడిన 'బేఖౌఫ్' నా రుచికి కొంచెము తీపి హెచ్చు. మా మేనల్లునికి అదియే అన్నిటికంటె ఇష్టము. మొదటి సంపుటిలోని ఆకలి కొంత తగ్గిన మాటయు నిజమే, కాని పనితనము పెరిగినది. ఎత్తిన బరువును దింపక రెండవ మెట్టు ఎక్కినారు. జనము పెట్టుకొన్న ఆశను నిలబెట్టుట యన ఇదియే.

మొదటి ఆక్షేపణ: ఇది ఘోషయే గాని సంగీతము కాదని. అయ్యా, ప్రతి సంవత్సరము మే నెల నడుమ, వైకాశి మొదటి తేదీన, గుడియాత్తములో గంగమ్మ శిరసు ఉత్సవము జరుగును. తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి గోపాలపురము గంగమ్మ గుడికి అమ్మవారి శిరసు కదలునప్పుడు పంబలును పలకలును మ్రోగు మ్రోతకు ప్రక్కవాని మాట వినబడదు. ఆ మ్రోతలో పూనకము వచ్చి ఊగిన పెద్దలను నేనెరుగుదును. వారిలో కొందరే నేడు చెవులు మూసికొనుచున్నారు. మెటల్ రికార్డుల అట్టలపై పుర్రెలును తెగిన తలలును ఉండునని జుగుప్సపడువారును కలరు. తెగిన రేణుకాదేవి శిరస్సును నెత్తిన పెట్టుకొని, పూలు చల్లి, కర్పూరము వెలిగించి, బిడ్డలను భుజములపై కూర్చుండబెట్టుకొని చూపువారమే గదా మనము! భయమును ఎదుట నిలిపి మ్రోతతో దానిని దాటుట మనకు క్రొత్తగా ఎవరును నేర్పనక్కరలేదు.

శాస్త్రీయ సంగీతమే సంగీతమనువారికి ఇంకొక మాట. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. ఈ ఐదింటికి మన పూర్వులు పెట్టిన పేరు ఘనరాగములు. 'ఘన' మనగా బరువైనదనియు అర్థమే. బరువు సంగీతమునకు దోషమని వారు తలచియుండలేదు.

రెండవ ఆక్షేపణ పెద్దలది కాదు, మన యువకులదే. అది నన్ను మరింత బాధించును. "తెలుగు మెత్తని భాష, అజంత భాష, మెటల్ కు ఇంగ్లీషే తగును" అని వారి వాదము. హైదరాబాదులో 'గాడ్‌లెస్' అను మేళము కలదు. 2021లో వారు తెచ్చిన 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఏ దేశపు మేళమునకును తీసిపోని పనితనము కలది. భాష మాత్రము ఇంగ్లీషు. వారిని నిందింపను, వారి పాట వారి ఇష్టము. కాని తెలుగు పనికిరాదను సిద్ధాంతము శుద్ధ తప్పు. కంఠమును చీల్చుకొని వేయు కేక దేనిపై సాగును? అచ్చుపైననే గదా! హల్లుపై కేకను సాగదీయ నెవ్వరితరము? మాట మాటకు చివర అచ్చుగల భాష ఈ సంగీతమునకు లోపమెట్లగును? వీరవిద్యావంతులు పంబజోడు మ్రోగింపగా పల్నాటి వీరుల కథ చెప్పినది ఈ భాషలోనే. షేక్ నాజర్ బుఱ్ఱకథలో బొబ్బిలి యుద్ధము చెప్పినది ఈ భాషలోనే. ఆ కథలు విన్న మన తాతలకు తెలుగు మెత్తనిదని ఎన్నడును తోచలేదు.

పరదేశములను చూడుడు. జర్మనుల 'రామ్‌స్టైన్' మేళము తమ భాషలోనే పాడుచు, 1997లో తెచ్చిన రెండవ సంపుటి 'జేన్‌జూఖ్ట్' తో అమెరికా వరకు పోయినది. మంగోలియాలోని 'ది హూ' మేళము గుఱ్ఱపు తలగల తమ తంత్రీవాద్యముతో, గొంతుక లోతునుండి పలుకు తమ దేశపు పాటతో 2019లో మొదటి సంపుటిని, 2022లో రెండవదానిని తెచ్చినది. మంగోలియా జనులు మనకంటె ఎంతమంది? తెలుగువారిలో పదవవంతు కూడ లేరు.

అసలు ఈ దృష్టాంతములకొరకు అంత దూరమేల? త్యాగరాజస్వామి తమిళదేశమున తిరువారూరులో 1767లో పుట్టి, తిరువయ్యారులో 1847లో కాలము చెందిన తెలుగువాడు. చుట్టును తమిళము, ఇంట తెలుగు. మన స్థితియే ఆయన స్థితి. ఆయన ఇంటి భాషలో పాడెను. ఆ భాష రానివారు నేటికిని దానిని నేర్చుకొని పాడుచున్నారు. నేను త్యాగరాజస్వామితో ప్రారంభింపక పోతినిగాని, ఆయన లేక నా వాదము సాగలేదని పెద్దలు సంతసింతురుగాక!

ఇక మన ప్రాంతపు మాట. కౌండిన్యానది పలమనేరు అడవులనుండి దిగి, మోర్ధానా జలాశయమున నిలిచి, గుడియాత్తము మీదుగా పోయి పాలారులో కలియును. ఆ నదివలెనే మన తెలుగును ఎల్లకు అటునిటు పారునది. అటు పోయినచో మనది అరవ తెలుగని నవ్వుదురు. ఇటు మనలను వడుగరులందురు. 2006లో తమిళనాడు ప్రభుత్వము తెచ్చిన తమిళ అభ్యసన చట్టముచే బడిలో తెలుగునకు చోటు కుంచించుకొని పోయినది. దానిపై మన సంఘములు వినతిపత్రములు ఇచ్చినవి, న్యాయస్థానములకు పోయినవి; మంచిదే. తమిళము నేర్చుట ఈ నేల అన్నము తినువారికి ధర్మము, అందు వివాదము లేదు. కాని సాయంకాలము ఇంట కూర్చుండబెట్టి బిడ్డకు 'అ ఆ' లు దిద్దింపవద్దని ఏ చట్టము చెప్పినది? తెలుగు చెడినదని కేకలు వేయు మన ఇండ్లలో ఎన్నింట నేడు ఒక తెలుగు పెద్దబాలశిక్ష యున్నది? సభలలో మాత్రము ప్రార్థనగీతము, రెండు కీర్తనలు, ఒక కోలాటము, పిమ్మట సన్మానములు. పదునెనిమిదేండ్ల పిల్లవాడు ఆ వేదికపై తనకు చోటేదియని వెదకి, దొరకక, వెనుక వరుసలో గొట్టములు తగిలించుకొనును. అతని చెవులు మనము మూసినవే.

నేనడుగునది పెద్దదేమియు కాదు. వచ్చు వార్షికోత్సవమున ఒక గంట కాలము ఈ పిల్లలకు వేదిక నిండు. గిటారులు వారు తెచ్చుకొందురు; పంబలు, పలకలు మనము పిలిపింతము. షరతు ఒక్కటే, పాట తెలుగులో ఉండవలెను. మొదటిసారి బాగుండకున్నను చప్పట్లు కొట్టుదము. రెండవ యేట మాత్రము కఠినముగా వినుదము.

ఈ వ్యాసము సగము వ్రాసియుండగా మా మేనల్లుడు ఒక నోటుపుస్తకముతో వచ్చినాడు. 2021 నవంబరులో మోర్ధానా నిండి పొంగి, కౌండిన్యానది గుడియాత్తము వీధులలోనికి వచ్చిన వరదను గూర్చి ఒక పాట కట్టినాడట. వరద బురద వాసన, నీటిలో కొట్టుకొని పోయిన సామాను, గట్టుమీద రాత్రియంతయు నిలిచిన జనము, అన్నియు అందున్నవి. మాటలు తెలుగు, లిపి తమిళము. వ్రాసిన వారమునకే తన పాటను తానే చదువలేక తడబడుచున్నాడు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికిని అక్షరము ఒక్కటే గదా. ఒకచోట 'గంగ' యో 'కంక' యో తెలియక నిలిచిపోయినాడు.

"మామా, ఘోష అని రాయాలంటే 'ఘ' ఎట్ల రాయాల?" అని అడిగినాడు.

వ్యాసపు కాగితమును త్రిప్పి, దాని వెనుక పెద్దదిగా వ్రాసి చూపితిని. వాడు దానిని చూచి నాలుగుమార్లు వ్రాసినాడు. మూడవదానికి వత్తు మరచినాడు. నాలుగవది సరిగా వచ్చినది.